కొండ ఎవరిది?

1. తేనెపట్టు

సంక్రాంతి వెళ్లి పది రోజులైంది. సబ్బవరం చుట్టుపక్కల జీడి తోటలు పూత మీద ఉన్నాయి. ఒక పల్లెలో అత్తా కోడళ్లు తోటలో ఎండుటాకులు ఊడుస్తున్నారు. తోట గట్టు మీద పెద్ద మర్రిచెట్టు ఉంది. దాని కొమ్మకు చేటంత తేనెపట్టు వేలాడుతోంది.

మరిది వచ్చాడు. చేతిలో ఎండు కొబ్బరాకులు ఉన్నాయి. జేబులో అగ్గిపెట్టె ఉంది.

“వదినా, పొద్దుగూకాక పట్టు కాల్చేస్తాను. తేనె అమ్మితే వెయ్యి రూపాయలొస్తాయి. పాపకి బూట్లు, పుస్తకాలు కొనొచ్చు” అన్నాడు.

“కాల్చేయ్ బాబూ” అంది అత్త. “మనం కాల్చకపోతే రేపు ఇంకొకరు కాల్చుకుపోతారు. కొండ మీద కట్టె అంతే కదా. మనం తేకపోతే ఇంకొకరు తెస్తారు.”

కోడలు చీపురు పక్కన పెట్టింది.

“ఒక్క రాత్రి ఆగు బాబూ. ఈవేళ సంఘం మీటింగు ఉంది. అక్కడ అడిగి చెప్తాను.”

“తేనెపట్టుకి మీటింగేటి వదినా!” అని మరిది నవ్వాడు. కానీ ఆగాడు.

వెయ్యి రూపాయలు చిన్న సొమ్ము కాదు. ఆ ఇంటికి ఆ డబ్బు అవసరమే. మరి కోడలు ఎందుకు ఆపింది?

పోయిన ఏడు కూడా ఒక పట్టు కాల్చారు. తెల్లారి ఆమె చెట్టు కిందకు వెళ్లింది. నేల మీద ఈగలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. పట్టు ముక్కల్లో తెల్లని పిల్ల పురుగులు ఉన్నాయి. అవి తేనెటీగ పిల్లలు. అవీ ఉడికిపోయాయి. ఆ సంగతి ఆమె మనసులో ఉండిపోయింది.

2. సంఘం మీటింగు

సాయంత్రం పొదుపు సంఘం ఆడవాళ్లు కూర్చున్నారు. వాయిదా డబ్బులు కట్టారు. లీడరక్క పుస్తకంలో రాసింది. అప్పుడు కోడలు తేనెపట్టు మాట ఎత్తింది.

“ఈగల కోసం వెయ్యి రూపాయలు ఒగ్గేసుకుంటామా?” అని ఒకామె అడిగింది.

“ఈగలు లేకపోతే జీడి పూత పిందె కడుతుందా?” అని ఇంకొకామె అంది.

ఆ మాట నిజమే. జీడి పూవులో పుప్పొడి జిగటగా ఉంటుంది. అది గాలికి బాగా ఎగరదు. ఈగలు, చీమలు, ఇతర పురుగులు దాన్ని ఒక పూవు నుంచి ఇంకో పూవుకు చేరుస్తాయి. అప్పుడే పిందె నిలుస్తుంది. మామిడికి కూడా ఈగలు, తేనెటీగలు కావాలి. పూత మీద ఉన్న తోటలో తేనెపట్టు కాల్చడం అంటే, పని మీద ఉన్న కూలీలను తరిమేసినట్టే.

మాట ఈగల నుంచి అడవి మీదకు మళ్లింది.

“పులి వచ్చిన ఏడు గుర్తుందా?” అని ఒకామె అంది.

అందరికీ గుర్తుంది. 2022లో ఒక పెద్దపులి ముందు కాకినాడ జిల్లాలో తిరిగింది. తరువాత అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పశువులను చంపింది. జనం తోటలకు వెళ్లడానికి భయపడ్డారు. చీకటి పడితే తలుపులు వేసుకున్నారు.

“దానికి మన ఊళ్లతో పనేటి? అడవి లేదా దానికి?” అని ఆమె అడిగింది.

పులికి చాలా చోటు కావాలి. పెద్దయిన మగపులి తనకంటూ వేరే చోటు వెతుక్కుంటూ చాలా దూరం నడుస్తుంది. దారిలో అడవి తెగిపోతే తోటల్లో నడుస్తుంది. జింక దొరకకపోతే ఆవు మీద పడుతుంది. అడవి తగ్గిన కొద్దీ పులికీ మనిషికీ మధ్య దూరం తగ్గుతుంది.

అప్పుడు అత్త నోరు విప్పింది.

“నా పెళ్లైన కొత్తలో కొండకు కట్టెలకు వెళ్లాను. మోపు నెత్తిన పెట్టుకుని దిగుతున్నాను. గార్డు పట్టుకున్నాడు. మోపు లాక్కున్నాడు. కత్తి లాక్కున్నాడు. డబ్బు కట్టమన్నాడు. నా దగ్గర ఏటుంది? ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. ఆ రోజు నుంచి నాకు అడవంటే గార్డే. అడవి వాళ్లది. మనకేటి?”

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి లీడరక్క అంది.

“అసలు సంగతి అదే పెద్దమ్మా. అడవి వాళ్లదే అనుకుంటే మనకేటి అనే అంటాం. మనకీ అందులో వాటా ఉంటే?”

3. గార్డు ఒక్కడు, ఊళ్లు ఎన్నో

అడవిని కాపాడటానికి చట్టాలు ఉన్నాయి. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972లో వచ్చింది. అడవి జంతువులను వేటాడటం నేరం. జైలు, జరిమానా ఉంటాయి. కొన్ని అడవులను అభయారణ్యాలుగా ప్రకటించారు. అభయం అంటే భయం లేకపోవడం. జంతువులు భయం లేకుండా బతికే అడవి అభయారణ్యం.

చట్టం మంచిదే. కానీ అడవి పక్కన ఊళ్లు ఉన్నాయి. ఆ ఊళ్లలో పొయ్యిలు వెలగాలి. మేకలు మేయాలి. పిల్లలు తినాలి. అడవికి రావద్దు అన్నారు సరే. మరి ఎలా బతకాలి? ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే జనం రాత్రిపూట వెళ్తారు. ఒక గార్డు ఎన్ని దారులు కాస్తాడు? పేదవాళ్లు దొంగలవుతారు. అడవి కూడా నిలవదు. ఇద్దరికీ నష్టమే.

అందుకే ఇంకో పద్ధతి మొదలైంది. 1992లో మన రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం వచ్చింది. అంటే, ఊరివాళ్లు, అటవీ శాఖ కలిసి అడవిని చూసుకోవడం. దీని కోసం ఊళ్లలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. ప్రతి ఇంటి నుంచి ఇద్దరు సభ్యులు. అందులో ఒకరు ఆడమనిషి కావాలి. ఊరు అడవిని కాపాడాలి. కాపాడిన అడవిలో వచ్చే ఆకు, కాయ, గడ్డి, కలపలో ఊరికి వాటా ఉంటుంది.

అభయారణ్యాల పక్క ఊళ్లలో ఇలాంటివే పర్యావరణ అభివృద్ధి కమిటీలు ఏర్పడ్డాయి. వాటిని ఈ.డి.సి.లు అంటారు. అభయారణ్యంలో చెట్టు కొట్టకూడదు కదా. అందుకని ఈ ఊళ్లకు వేరే జీవనాధారం చూపించాలి. ఏమిటది? అడవిని నరికి అమ్మడం కాదు. అడవిని నిలబెట్టి, దాని మీద సంపాదించడం.

4. మన పక్కనే కంబాలకొండ

సబ్బవరం నుంచి పెందుర్తి మీదుగా విశాఖపట్నం వెళ్తాం. పట్నం అంచునే, జాతీయ రహదారి పక్కన కంబాలకొండ అడవి ఉంది. ఒకప్పుడు అది విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది. తరువాత అటవీ శాఖ చేతికి వచ్చింది. 2002లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. అంటే 17 వేల ఎకరాలకు పైనే.

అక్కడ చిరుతపులి ఉంది. అడవి పందులు, నక్కలు, నెమళ్లు, రకరకాల పాములు ఉన్నాయి. వాన నీటిని ఆ కొండలు పట్టి ఉంచుతాయి. విశాఖ పట్నానికి పాత మంచినీటి చెరువైన ముడసర్లోవ ఆ కొండల పక్కనే ఉంది. కొండ బోడి అయితే వాన నీరు ఒక్కసారిగా కిందికి పోతుంది. మట్టి కొట్టుకుపోతుంది. చెరువు పూడిపోతుంది. కొండ మీద చెట్టుకూ పట్నంలో కుళాయికీ సంబంధం ఉంది.

ఆ అడవిలో శంభువానిపాలెం అనే గిరిజన పల్లె ఉంది. ఆ ఊళ్లో వన సంరక్షణ సమితి ఏర్పడింది. అటవీ శాఖ అడవిలో కొంత భాగంలో చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఒక కేంద్రం ఏర్పాటు చేసింది. కొండదారుల్లో నడక, చెరువులో పడవ, ఉండటానికి కుటీరాలు. ఆ కేంద్రం నడపడంలో శంభువానిపాలెం సమితికి చోటు ఇచ్చారు.

ఇలాంటి చోట ఎన్ని పనులు ఉంటాయో చూడండి. టికెట్లు ఇవ్వాలి. దారి చూపాలి. పడవలు చూసుకోవాలి. వంట చేయాలి. ఊడవాలి. ఎండాకాలంలో అగ్గి పుట్టకుండా చూడాలి. అడవి దారులు ఆ ఊరివాళ్లకు తెలిసినట్టు పట్నం వాళ్లకు తెలియవు. ఏ చెట్టు ఏ జబ్బుకు వాడతారో, ఏ పిట్ట ఎప్పుడు కూస్తుందో వాళ్లకే తెలుసు. ఆ తెలివికే ఇక్కడ కూలి, గౌరవం.

“అంటే కట్టెలు కొట్టిన చేతికే టికెట్టు పుస్తకం ఇచ్చారన్నమాట” అంది కోడలు.

“అవును. నిన్న చెట్టు కొడితే ఒక్క రోజు గడుస్తుంది. చెట్టు నిలబడితే దాన్ని చూడటానికి ఏడాదంతా జనం వస్తారు” అంది లీడరక్క.

5. మారేడుమిల్లి, గిరిజన సహకార సంస్థ

రంపచోడవరం దాటితే మారేడుమిల్లి వస్తుంది. దట్టమైన అడవి. దగ్గర్లోనే పాపికొండలు జాతీయ పార్కు ఉంది. అది 2008లో జాతీయ పార్కు అయింది. మారేడుమిల్లి అడవుల్లో కొండరెడ్లు ఉంటారు. అక్కడ వాలమూరు లాంటి ఊళ్ల వన సంరక్షణ సమితులు చూడటానికి వచ్చేవాళ్లకు బస, భోజనం ఏర్పాటు చేశాయి. వెదురు బొంగులో వండిన కోడికూర తినడానికి దూరం నుంచి జనం వస్తారు. ఆ బొంగు ఆ అడవిదే. ఆ వంట ఆ జనానిదే.

చూడటానికి జనం రాని అడవులు కూడా ఉన్నాయి. అక్కడ ఇంకో దారి ఉంది. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. దాని పెద్ద ఆఫీసు విశాఖపట్నంలోనే ఉంది. గిరిజనుల దగ్గర తేనె, చింతపండు, కుంకుడుకాయ, తపసి బంక కొంటుంది. షావుకారు తప్ప వేరే దిక్కు లేని చోట ఇది ఇంకో కొనుగోలుదారు.

కానీ కొనేవాళ్లు ఉంటే చాలదు. తీసే పద్ధతి కూడా మారాలి. తపసి చెట్టు సంగతి చూడండి. బంక కోసం గొడ్డలితో లోతుగా నరికేవారు. కొన్నాళ్లకు చెట్టు చచ్చిపోయేది. బంకలో బెరడు, మట్టి కలిసేవి. ధర తక్కువ వచ్చేది. విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు కొత్త పద్ధతి నేర్పాయి. చిన్న పనిముట్టుతో బెరడు మీద పైపైన గాటు పెట్టాలి. గాయం మానే దాకా ఆగాలి. చెట్టు బతుకుతుంది. బంక శుభ్రంగా వస్తుంది. ధర ఎక్కువ వస్తుంది.

తేనె కూడా అంతే. తేనెపట్టు అంతా తేనె కాదు. ఒక భాగంలోనే తేనె ఉంటుంది. మిగతా భాగంలో పిల్లలు ఉంటాయి. ఆకుల పొగ పెట్టి ఈగలను పక్కకు జరపాలి. మంట పెట్టకూడదు. తేనె భాగం మాత్రమే కోయాలి. పిల్లల భాగం ఉంచాలి. చేత్తో పిండకూడదు. గుడ్డలో వడకట్టాలి. ఈగలు అక్కడే ఉండి మళ్లీ తేనె పెడతాయి. అదే పట్టు నుంచి మళ్లీ తేనె తీయొచ్చు.

జాగ్రత్త! పెద్ద తేనెటీగలు గుంపుగా కుడితే ప్రాణం పోవచ్చు. నేర్చుకోకుండా, ఒళ్లంతా కప్పే బట్ట లేకుండా ఎవరూ పట్టు దగ్గరకు వెళ్లకూడదు.

6. తేక్కడి ఆడవాళ్లు

కేరళ రాష్ట్రంలో తేక్కడి అనే ఊరు ఉంది. అక్కడ పెరియార్ పులుల అడవి ఉంది. 1996లో మన దేశంలో ఏడు అడవుల దగ్గర ఒక పెద్ద పథకం మొదలైంది. పెరియార్ వాటిలో ఒకటి. ఊళ్లలో కమిటీలు ఏర్పడ్డాయి.

ఆ అడవిలో కొందరు దొంగతనంగా దాల్చినచెక్క లాంటి బెరడు ఒలిచి అమ్మేవారు. వాళ్ల మీద కేసులు ఉండేవి. అడవిలో దాక్కునేవారు. వాళ్లను పిలిచి మాట్లాడారు. ఆ పని మానేస్తామన్నారు. వాళ్లనే దారి చూపేవాళ్లుగా, అడవి కాపలాదారులుగా పెట్టారు. దొంగదారులన్నీ వాళ్లకే తెలుసు కదా! దొంగలు ఇప్పుడు ఎవరి కళ్లు కప్పగలరు?

అక్కడే గిరిజనులు మిరియాలు పండిస్తారు. వాళ్లు షావుకార్లకు అప్పు పడ్డారు. పంట కోయకముందే అది షావుకారుదైపోయేది. అతను చెప్పిందే ధర. కమిటీ ఆ అప్పులు తీర్చడానికి సాయం చేసింది. అందరి మిరియాలు కలిపి అమ్మించింది. ధర వాళ్ల చేతికే వచ్చింది. చేతికి డబ్బు వచ్చినవాడు అడవిలో చెట్టు కొట్టడానికి ఎందుకు వెళ్తాడు?

ఇక ఆడవాళ్ల సంగతి. 2002లో అక్కడ వసంత సేన ఏర్పడింది. అందులో అందరూ ఆడవాళ్లే. చిన్న చిన్న జట్లుగా వంతులు వేసుకుని అడవిలో తిరుగుతారు. చెట్లు కొట్టేవాళ్లను, ఉచ్చులు పెట్టేవాళ్లను కనిపెడతారు. దీనికి వాళ్లు కూలి తీసుకోరు. ఎందుకు? “అడవి ఉంటేనే మా ఊళ్లో నీళ్లు, మా ఇళ్లలో పని” అనే లెక్క వాళ్లకు తెలుసు.

అత్త ఈ మాట విని ఆశ్చర్యపోయింది.

“ఆడోళ్లే గార్డులా?”

“అవును పెద్దమ్మా. నీ మోపు లాక్కున్న గార్డు చోట నువ్వే నిలబడితే ఎలా ఉంటుంది?”

అత్త చాలాసేపు ఆలోచించింది.

“నేనైతే మోపు లాక్కునే ముందు, ఆ మనిషింట్లో పొయ్యి సంగతి అడిగేదాన్ని” అంది.

7. అడవి పక్కన లేని ఊరు ఏం చేస్తుంది?

“మన ఊరు అభయారణ్యం పక్కన లేదు కదా. మనకు టికెట్లు లేవు. పడవలు లేవు. మనమేం చేస్తాం?” అని ఒకామె అడిగింది. మంచి ప్రశ్న.

అస్సాం రాష్ట్రంలో హర్గీలా అనే పెద్ద కొంగ ఉంది. చూడటానికి అందంగా ఉండదు. చచ్చిన జంతువులను తింటుంది. దాని గూళ్ల దగ్గర కంపు కొడుతుంది. అందుకని అది గూడు కట్టిన చెట్లను జనం కొట్టేసేవారు. ఆ కొంగలు చాలా తగ్గిపోయాయి. అవి అడవిలో ఉండవు. ఊళ్లలో, ఇంటి పెరటి చెట్ల మీద ఉంటాయి. పూర్ణిమాదేవి బర్మన్ అనే ఆమె ఊరి ఆడవాళ్లను కలిసింది. వాళ్లతో మాట్లాడింది. గూడు ఉన్న చెట్లను కొట్టకుండా ఆడవాళ్లు చూశారు. మగ్గాల మీద నేసే బట్టల్లో హర్గీలా బొమ్మ వేశారు. ఆ బట్టలు అమ్ముకుంటున్నారు. పూర్ణిమాదేవికి 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది.

చూశారా! అక్కడ పార్కు లేదు. గేటు లేదు. పెరటి చెట్టు ఉంది, మగ్గం ఉంది, ఆడవాళ్ల మాట ఉంది. వన్యప్రాణి అంటే పులి ఒక్కటే కాదు. తోటలో తేనెటీగ కూడా వన్యప్రాణే.

8. ఇబ్బందులు కూడా ఉన్నాయి

ఈ పనులన్నీ సాఫీగా జరుగుతాయని అనుకోకూడదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడింది. కంబాలకొండలో ఎన్నో చెట్లు కూలిపోయాయి. 2020లో కరోనా వచ్చింది. దేశమంతా పార్కులు మూసేశారు. చూడటానికి వచ్చే జనం మీదే బతికే ఇళ్లకు పని లేకుండా పోయింది. అందుకని ఒక్క ఆదాయాన్నే నమ్ముకోకూడదు. కొంత పంట, కొంత పశువు, కొంత చేతిపని ఉండాలి. ఆదాయం వచ్చినప్పుడు కొంత పొదుపు చేయాలి.

జనం ఎక్కువగా వచ్చినా కష్టమే. ప్లాస్టిక్ సంచులు, సీసాలు పారేస్తారు. పెద్దగా పాటలు పెడతారు. జంతువులు బెదిరిపోతాయి. అడవి పాడైతే చూడటానికి ఎవరు వస్తారు? అందుకని ఎంతమంది రావాలి, ఎక్కడి దాకా రావాలి అనే కట్టుబాటు ఉండాలి.

బయటి నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి పెద్ద హోటళ్లు కడతారు. అప్పుడు ఊరివాళ్లకు ఊడ్చే పని మాత్రమే మిగులుతుంది. కూలి వేరు, వాటా వేరు. కూలి అంటే చేసిన పనికి డబ్బు. వాటా అంటే వచ్చిన లాభంలో భాగం, చేసే నిర్ణయంలో మాట. అడవిని కాపాడిన ఊరికి రెండూ కావాలి.

జంతువుల వల్ల నష్టం కూడా నిజమే. అడవి పంది చేను తవ్వేస్తుంది. చిరుత మేకను ఎత్తుకుపోతుంది. అలాంటప్పుడు విషం పెట్టకూడదు. కరెంటు తీగలు పెట్టకూడదు. ఆ తీగలకు మనుషులు కూడా చచ్చిపోతారు. పశువు చనిపోతే కళేబరాన్ని కదపకుండా అటవీ శాఖకు వెంటనే చెప్పాలి. వాళ్లు చూసి రాసుకుంటారు. పరిహారం కోసం అర్జీ పెట్టాలి. అర్జీ నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. అది లెక్క పుస్తకం.

9. లెక్క చూద్దాం

కమిటీలో ఆడవాళ్ల పేర్లు ఉంటాయి. కానీ చాలా చోట్ల వేలిముద్ర వేసి ఊరుకుంటారు. డబ్బు ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ఎవరో ఒకరికే తెలుస్తుంది. వాటా ఉండీ లేనట్టే.

లీడరక్క పలక మీద ఒక లెక్క రాసింది. ఇది నేర్చుకోవడానికి రాసిన లెక్క. ఏ ఊరి లెక్కా కాదు.

ఒక కమిటీకి నెలలో వచ్చిన డబ్బు: 12,000 రూపాయలు.
కూలీలకు ఇచ్చింది: 6,000 రూపాయలు.
మరమ్మతులకు: 2,000 రూపాయలు.
అగ్గి కాపలాకు: 1,500 రూపాయలు.
పుస్తకంలో రాసిన మిగులు: 1,500 రూపాయలు.

“సరిపోయిందా?” అని అడిగింది.

కోడలు వేళ్ల మీద కూడింది. ఆరు, రెండు ఎనిమిది వేలు. ఒకటిన్నర కలిపితే తొమ్మిదిన్నర వేలు. పన్నెండులో తొమ్మిదిన్నర పోతే...

“రెండున్నర వేలు మిగలాలి! పుస్తకంలో ఒకటిన్నర వేలే ఉంది. వెయ్యి రూపాయలు ఏమైంది?”

“అదీ అడగాల్సిన మాట” అంది లీడరక్క. “తప్పు రాశారేమో. దొంగతనమే అని ముందే అనకూడదు. కానీ అడగాలి. చదవడం రాకపోతే అడగలేం. అడగకపోతే ఆ వెయ్యి తిరిగి రాదు.”

అత్త పలక తన వైపు తిప్పుకుంది. అంకెల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. “పన్నెండు వేలు... ఆరు వేలు...”

10. తీర్మానం

ఆ రాత్రి సంఘం మూడు మాటలు అనుకుంది.

ఒకటి: ఎవరి తోటలోనూ తేనెపట్టుకు మంట పెట్టకూడదు.
రెండు: ఈగలను చంపకుండా తేనె తీయడం నేర్పేవాళ్ల కోసం మండల వ్యవసాయ ఆఫీసులో అడగాలి.
మూడు: సంఘం లెక్కను ప్రతి మీటింగులో పైకి చదవాలి. చదివేది ప్రతిసారీ వేరే సభ్యురాలు కావాలి.

తీర్మానం కోడలే రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. కానీ చదివితే తెలుస్తోంది.

ఇంకో పని కూడా ఉంది. పాప బూట్లు, పుస్తకాలు. ఆ వెయ్యి రూపాయలు కోడలు సంఘంలో అప్పు తీసుకుంది. నూటికి నెలకు రూపాయి వడ్డీ. అంటే నెలకు పది రూపాయలు. తేనెటీగలను ఉంచినందుకు ఆ ఇంటికి అయిన ఖర్చు అది. ఆ ఖర్చు ఆమె ఒక్కతే ఎందుకు మోయాలి అని ఒకామె అడిగింది. అందరూ ఆలోచించారు. మొదటి మూడు నెలల వడ్డీ సంఘం వదిలేసింది.

తెల్లారి మరిది తోటకు వచ్చాడు. వదిన చెప్పింది విన్నాడు.

“సరే వదినా. మనం ఒగ్గేశాం. రాత్రి ఇంకొకరు వచ్చి కాల్చేస్తే?”

దీనికి కోడలు జవాబు చెప్పేలోపే అత్త అంది.

“సంఘంలో ఇరవై మందిమి ఉన్నాం. ఇరవై తోటలకు ఇరవై జతల కళ్లు. నువ్వూ కాపలా ఉండు. ఆ కొబ్బరాకులు ఇటివ్వు, పొయ్యిలోకి పనికొస్తాయి.”

మరిది కొబ్బరాకులు ఇచ్చేశాడు. పైన మర్రికొమ్మకు పట్టు అలాగే వేలాడుతోంది. ఎండ ఎక్కింది. ఈగలు జీడి పూత మీదకు దిగాయి.

కొత్త మాటలు

అభయారణ్యం: జంతువులను వేటాడకూడని, చెట్లు కొట్టకూడని అడవి.
వన్యప్రాణి: మనిషి పెంచకుండా తనంతట తాను బతికే జంతువు, పక్షి, పురుగు.
వాటా: కలిసి సంపాదించిన దానిలో భాగం.
పరిహారం: జరిగిన నష్టానికి ఇచ్చే డబ్బు.
తీర్మానం: అందరూ కలిసి అనుకుని రాసుకున్న మాట.

జవాబులు చెప్పండి

1. అత్తకు అడవి అంటే ఎందుకు కోపం? ఆమె కోపం న్యాయమేనా?
2. కంబాలకొండ ఏ ఏడులో అభయారణ్యం అయింది?
3. కూలికీ వాటాకూ తేడా ఏమిటి?
4. తేనెపట్టులో ఏ భాగం కోయాలి? ఏ భాగం ఉంచాలి? ఎందుకు?
5. వసంత సేన ఆడవాళ్లు ఏ పని చేస్తారు?

కలిసి మాట్లాడుకోండి

మీ ఊరి కొండ మీద, చెరువు దగ్గర, తోటల్లో ఏ ఏ జంతువులు, పక్షులు ఉన్నాయి? మీ చిన్నప్పుడు ఉండి ఇప్పుడు లేనివి ఏవి? అవి ఎందుకు పోయాయి?

పిట్టనో, పురుగునో, చెట్టునో కాపాడితే ఒక ఇంటికి నష్టం వస్తుంది అనుకోండి. ఆ నష్టాన్ని ఊరంతా ఎలా పంచుకోవచ్చు?

చేసి చూడండి

మీ సంఘం లెక్క పుస్తకం తీయండి. పోయిన నెల పేజీ పైకి చదవండి. వచ్చింది కూడండి. పోయింది కూడండి. మిగులు సరిపోయిందో చూడండి. సరిపోతే కింద మీ పేరు రాయండి. సరిపోకపోతే వచ్చే మీటింగులో అడగండి.